సూదులతో పెంచిన పొట్టేలు

ఆ ఏడు మా మందలో ఒక్క గొర్రె కూడా ఈనలేదు. తప్పు నాది. రాయడం వచ్చింది కాబట్టి దాచకుండా రాస్తున్నాను.

మాది పెద్దపల్లి పక్క ఊరు. వరికోతలయ్యాక గొర్లను భైంసా దిక్కు, పత్తి ఏరిన చేలకు తోలుకుపోయేవాళ్లం. మందకంతటికీ విత్తనపు పొట్టేలు ఒక్కటే. పాతది కాలు విరిగి చచ్చిపోయింది. దాని జాగాలో మా మందలోనే పుట్టిన నాలుగు నెలల పొట్టేలు పిల్లను ఉంచుకున్నాం. అది ఈడుకు రావాలంటే ఇంకా నెలలు పడుతుంది. నాకు అంత ఓపిక లేదు.

మోటరుసైకిలు మీద ఊళ్లు తిరిగి పశువులకు సూదులు వేసే మనిషి ఒకడు వచ్చేవాడు. "బలం మందు. పదిహేను దినాలకొకటి ఏస్తే పులి అయితది" అన్నాడు.

నా మొగుడు ఒప్పుకోలేదు. "జర ఆగరాదే. దానంతటదే ఎదుగుతది."

"ఆగి ఆగి నువ్వు గిట్లనే అయినవ్" అని నోరు మూయించాను.

సూదులు పడ్డాయి. మూడు నెలల్లో మెడ లావెక్కింది, ఒళ్లంతా పొట్టేలు వాసన, కనబడ్డ గొర్రెనల్లా ఎక్కేది. తోటి గొల్లలు చూసి నవ్వేవాళ్లు. "ఏం పెడుతున్నవ్ అక్కా దీనికి? బావకు గూడ జర పెట్టు!"

నేనూ నవ్వాను.

అది ఎక్కడం మొదలుపెట్టి అయిదు నెలల ఈనే గడువు దాటినా ఒక్క గొర్రెకూ పొదుగు దిగలేదు. పొట్టేలు కళ్లముందే పని చేస్తుంటే దాన్ని ఎవరు అనుమానిస్తారు? గొర్లు గొడ్డుపోయాయి అన్నాను. వయసులో ఉన్నప్పుడు, పెళ్లయి ఆరేళ్లు కడుపు పండని నన్ను మా అత్త అన్న మాటే అది. ముసలివి మూడింటిని మందమర్రి కటికాయనకు కోతకు ఇచ్చేశాను. వాటిలో ఆ పొట్టేలును కన్న తల్లి కూడా ఉంది. అంతకుముందు ఏ ఏడూ ఈనకుండా ఉన్నది కాదు.

ఆ తర్వాత గొర్ల కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాపడానికి పశువుల డాక్టరు వచ్చింది, చిన్న వయసు పిల్ల. పొట్టేలు వెనక చెయ్యిపెట్టి చూసి ఆగిపోయింది.

"అవ్వా, గింత పెద్ద పొట్టేలుకు బీజాలు రేగుపండ్లంతనే ఉన్నయేంది? సూదులేమన్న ఏయించిండ్రా?"

ఇప్పటికీ వేయిస్తున్నామని ఖాళీ సీసా చూపించాను. ఆ పిల్ల తల కొట్టుకుంది.

"మెదడు కింద శనగగింజంత గ్రంథి ఉంటది అవ్వా. ఈడొచ్చేటప్పుడు అది రక్తంల కబురు పంపుతది. ఆ కబురు అందితెనే బీజాలు పెరుగుతయి, మగ రసం తయారు చేస్తయి. మీరు ఆ రసమే బయటినుంచి పోసిండ్రు. మస్తుగున్నది గద అని గ్రంథి కబురు బందు చేసింది."

"మరి ఎక్కుతది గద బిడ్డా?"

"ఎక్కిచ్చేది సూది. విత్తనం దాని సొంత బీజాలల్ల పుట్టాలె. అవి పెరగనే లేదు."

"సూదులు ఆపితే?"

"విత్తనం రావచ్చు. పెరిగే ఈడుల బీజాలు ఆగినయి, మాటియ్యలేను."

సీసా మీద ఇంగ్లీషు. నాకొచ్చింది తెలుగు, అదీ అరవై దాటాక మహిళా సంఘంలో నేర్చుకున్నది. ఆ పిల్ల చేత మందు పేరు తెలుగులో రాయించుకుని కూడబలుక్కున్నాను. టెస్టోస్టిరాన్. సూదుల మనిషిని ఇదేం మందని నేను ఒక్కనాడూ అడగలేదు.

వారం తర్వాత పక్క మండలం గొల్లాయన ఆ పొట్టేలును చూసి మనసుపడ్డాడు. "మా మందకు ఇయ్యుండ్రి" అని మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. మా ఆయన నేల చూశాడు.

"ఎక్కుతది, పుట్టియ్యది" అన్నాను. "కోసుకుంటనంటే తీసుకపో."

పరాచికమనుకుని నవ్వాడు. మా ఆయన మొహం చూసి నవ్వు ఆపి వెళ్లిపోయాడు. ఆ పొట్టేలునూ కటికాయనే తీసుకుపోయాడు.

మా తమ్ముడి మంద నుంచి ఇంకో పొట్టేలును తెచ్చుకున్నాం. మరుసటి ఏడు ఉన్న గొర్లన్నీ ఈనాయి. అమ్మేసిన మూడూ ఉంటే అవీ ఈనేవి.

కటికాయనకు ఇచ్చిన ఆ తల్లిగొర్రె మెడగంట ఇంకా గుంజకు వేలాడుతోంది. "ఇంకోదానికి కట్టరాదే" అన్నాడు నా మొగుడు.

"ఉండనియ్" అన్నాను.