నిమ్మకాయ కట్టిన తీగ

మా తర్లుపాడులో బండి చెడితే మెకానిక్ విశ్వాసం షెడ్డుకు వస్తారు. విశ్వాసం నోటికి భయపడేవాళ్లు మార్కాపురం పోతారు. అతని పక్కనే నా టీ కొట్టు కాబట్టి నాకు తప్పించుకునే దారి లేదు.

ఎవరి బండి మొరాయించినా అతను ముందు పానా పట్టడు. "ఎక్కడ ఆగింది? ఆగేముందు ఏం చేస్తాంటివి?" అని పోలీసులా నిలదీస్తాడు. సగం రోగం ఆ జవాబులోనే దొరుకుతుందంటాడు. నిజమే, కానీ ఆ మాట అతని ముందు ఒప్పుకుంటే ఇక రోజంతా వినాలి.

మొన్న మాఘమాసంలో ఒక పొద్దున ఉషారాణి బండి నెట్టుకుంటూ వచ్చింది. రవికలు కుట్టి, మొగుడి పాత బండి మీద ఊరూరా తిరిగి ఇచ్చే పిల్ల. ఆ రోజు సంచిలో కురిచేడు పెళ్లికూతురి పట్టు రవిక ఉంది. ముహూర్తం పదిన్నరకు. బస్సు దాటిపోయింది. ఆటోలన్నీ మిరప కోతకు కూలీలతో వెళ్లిపోయాయి.

"అన్నా, ఆ పిల్ల రవిక లేకుండా పీటల మీద ఎట్ల కూచుంటాది? ఇంక నాకెవరన్నా గుడ్డ ఇస్తారా?" అని ఏడ్చేసింది.

ఆ ఏడుపుకు విశ్వాసం తన పద్ధతే మరిచిపోయాడు. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. పెట్రోలు ఉంది. ప్లగ్గు విప్పి, ఇంజనుకు ఆనించి, మళ్లీ కొట్టాడు. నిప్పురవ్వ లేదు. కొత్త ప్లగ్గు పెట్టినా అంతే.

నాకు ఒళ్లు మండింది. "ఎట్ల ఆగిందో అడగవేందయ్యా?" అని కొట్లోంచే అరిచాను.

"సందు మలుపులో హ్యాండిలు తిప్పినానన్నా, టక్కున ఆగిపోయింది," అంది ఉషారాణి.

విశ్వాసం హ్యాండిలు కుడికి తిప్పి సెల్ఫ్ కొట్టాడు. ప్లగ్గు దగ్గర నీలంగా రవ్వ మెరిసింది. ఎడమకు తిప్పితే మాయం. లైటు వెనక తడిమి చూసి పగలబడి నవ్వాడు. అక్కడ దిష్టికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు ఉన్నాయి. దారంతో కాదు, సన్నటి ఇనప తీగతో బిగించారు. హ్యాండిలు తిరిగినప్పుడల్లా ఆ తీగ పక్కనున్న వైరు తొడుగును కోసేసింది. తాళం తిప్పి బండి ఆపినప్పుడు ఇంజనును ఆపే వైరు అది. ఇనుముకు తగిలిందంటే తాళం తిప్పి ఆపినట్టే.

"ఎవరమ్మా ఈ ఇంజనీరు?"

ఉషారాణి ముఖం మారిపోయింది. "మా అత్త. నిన్న తీగముక్క కోసం ఇల్లంతా వెతికింది. ఆడదానికి బండేందని రోజూ సాధిస్తాది గదన్నా, ఆమె కట్టిందా ఇది?"

వాళ్లత్త వెంకటలక్ష్మమ్మ సాధింపు ఊరంతటికీ తెలుసు. అట్లాంటి మనిషి ఆ బండికే దిష్టి కట్టిందంటే నాకూ నమ్మబుద్ధి కాలేదు.

విశ్వాసం చర్చిలో ముందు వరుస మనిషి, దిష్టి నమ్మడు. నిమ్మకాయ పారేస్తాడనుకున్నాను. వైరుకు టేపు చుట్టి, ఉషారాణి సంచిలోని దారం నాలుగు పేటలు పేని, ఆ నిమ్మకాయను వైర్లకు దూరంగా తనే కట్టాడు. బండి వెంటనే అందుకుంది.

సాయంత్రం ఉషారాణి పెళ్లి లడ్లతో వచ్చింది. రవిక వేళకు అందిందట, ఇంకో ఇద్దరు గుడ్డ కూడా ఇచ్చారట. వెనక సీటు మీద వెంకటలక్ష్మమ్మ! దిగీ దిగగానే ఆ దారాన్ని గట్టిగా లాగి చూసింది.

"ఏమయ్యా, ఇది తెగితే? నా కోడలు రోజూ లారీల మధ్యన పోతాది. తెగకూడదనే గదా నేను తీగతో కట్టింది!"

విశ్వాసం ఉషారాణిని ఇంకో నాలుగు పేటల దారం అడిగి తీసుకుని, ఆ ముడి మీద ఇంకో ముడి వేశాడు. ఉషారాణి అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. నేను మూడు టీలు పెట్టాను.