గడ్డి లారీ ఎక్కి నర్సింగ్ ఇంటర్వ్యూకు: ఆలూరు నుంచి పట్నం దాకా, 1969

మా చర్చిలో ఇద్దరు అమ్మాయిలు ఈ ఏడు నర్సింగ్‌కు దరఖాస్తు పెట్టుకున్నారు. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక నా పక్కన చేరి, "అమ్మమ్మా, ఇంటర్వ్యూకు ఎట్ల పోవాలె, ఏం పట్కపోవాలె, జర చెప్పరాదు" అన్నారు. బస్సుల సంగతి వాళ్ల ఫోన్లకు నాకంటే బాగా తెలుసు. ఆలూరు నుంచి చేవెళ్లకు ఆటో, చేవెళ్ల నుంచి మెహదీపట్నానికి బస్సు, ట్రాఫిక్ కనికరిస్తే గంటన్నర. ఆడవాళ్లకు ఇప్పుడు టికెట్టు కూడా లేదు. నేను పోయిన దారి మాత్రం 1969 నాటిది. రోడ్డు అదే, పని కూడా అదే, కాకపోతే ఆ రోజు బస్సు లేదు. అదే చెప్తాను, మీకు పనికొచ్చేది మీరు ఏరుకోండి.

నర్సు కావాలని నాకెందుకు పుట్టిందో ముందు చెప్పాలి. మా తమ్ముడి కాన్పుకు అవ్వను, అంటే మా అమ్మను, చేవెళ్ల దవాఖానకు తీసుకెళ్లినప్పుడు నేనూ వెంట ఉన్నాను. మా వైపు పెద్ద ఆసామి ఒకాయన కాలు వాచి వచ్చాడు. ఆయన వస్తుంటే మా బాపు లాంటివాళ్లు తలకు చుట్టిన రుమాలు తీసి భుజాన వేసుకునేవాళ్లు. లోపలికి వచ్చీ రాగానే కేకలు మొదలుపెట్టాడు. తెల్ల చీర కట్టుకున్న నర్సమ్మ తల కూడా ఎత్తకుండా, "వరుసల నిలబడున్రి" అంది. ఆయన నిలబడ్డాడు! మాతో వచ్చి వరుసలో ఉన్న మా మేనత్త వెనకాలే నిలబడ్డాడు. అప్పుడే అనుకున్నాను, అయితే నర్సే కావాలని. ఇంటర్వ్యూలో మాత్రం "సేవ చేయాలని" అన్నాను. అదీ అబద్ధం కాదు గానీ, అది తర్వాత వచ్చిన బుద్ధి.

పదకొండో తరగతి మంచి మార్కులతోనే పాసయ్యాను. పట్నంలోని మిషన్ దవాఖాన వాళ్ల నర్సింగ్ స్కూలుకు దరఖాస్తు పెడితే రమ్మని కార్డు వచ్చింది. అందులో ఒక షరతు మా ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేసింది. అమ్మాయి బరువు కనీసం నలభై కిలోలు ఉండాలట. రోగిని ఎత్తి పడుకోబెట్టాలి కదా మరి. నేనేమో తువ్వాల ఆరేసే కట్టెలా ఉండేదాన్ని. ఆ నెలంతా నా చదువు తిండే. పల్లీలు బెల్లం ముద్దలు, జొన్న రొట్టె మీద నెయ్యి, పొదగేయాల్సిన గుడ్లు కూడా నా కంచంలోకే వచ్చేవి. "అక్కను సంతకు తోల్తున్నరా అవ్వా?" అని మా తమ్ముడు ఏడిపించేవాడు.

బరువు చూసుకోవడానికి మాకు ఉన్నది ఒక్కటే కాంటా. చేవెళ్లలో మేము కందులు అమ్మే సావుకారు కొట్టు ముందుండే కాంటా. వారం వారం బాపు నన్ను దాని మీద నిలబెట్టేవాడు. బజార్లో నాకు సిగ్గని, నా తర్వాత తనూ ఎక్కి నవ్వించేవాడు. ఆయన ఎప్పుడూ యాభై ఒకటే. నేను ముప్పై ఏడు, నెలంతా తిన్నాక ముప్పై ఎనిమిది. "కంది చేను పెరుగుతది గని నీ బిడ్డ పెరుగుతలేదు పటేలా" అని సావుకారు నవ్వేవాడు. అవ్వ చాటుగా ఏడ్చేది. చివరికి మా పాస్టరమ్మ ఒక ఉపాయం చెప్పింది. "పొద్దుగాల అరటిపండ్లు తిను. దారెంట నీళ్లు తాగు. కాంటా ఎక్కేదాక ఒంటికి మాత్రం పోకు. కిలో రెండు కిలోలు అట్లనే వస్తయ్ బిడ్డా." పాస్టరమ్మ మాట మాకు వేదవాక్కే. 

ఇంటర్వ్యూ రోజు కోడి కూయకముందే ఎద్దుల బండి కట్టాం. పొయ్యి కాడ ఉన్న అవ్వకు వాకిట్లోంచే పోయొస్తనని కేకేశాను. చేవెళ్ల చేరేసరికి తెల్లవారింది. అప్పటికే నా కడుపులో అరడజను అరటిపండ్లు, ఒక చెంబెడు నీళ్లు. బస్టాండు బోసిగా ఉంది. బస్సు టికెట్టుకని బాపు రుమాలు కొసన ముడేసుకున్న చిల్లర అట్లాగే ఉండిపోయింది. "ఇయ్యాల బస్సు రాదే. లంగర్‌హౌజ్ కాడ పోరగాండ్లు బండ్లన్ని ఆపుతున్రట" అన్నాడు చాయ్ కొట్టు అన్న. అవి తెలంగాణ ఉద్యమపు రోజులు. బళ్లు, కాలేజీలు నెలల తరబడి మూతపడి ఉన్నాయి. మా నౌకరీలు మాకే కావాలని మేము కూడా బడి ముందు గొంతులు చించుకున్నవాళ్లమే. తీరా నాకు నౌకరి తెచ్చే చదువుకు పోదామంటే నా నినాదమే నాకు అడ్డం పడింది. కోపం రాలేదు గానీ ఏడుపొచ్చింది. ఈ రోజు పోకపోతే సీటు పోయినట్టే.

"నడుద్దాం పా బిడ్డా, దార్ల ఏదన్న దొర్కుతది" అని, ఎద్దుల బండిని చాయ్ కొట్టు కాడే విడిచి బాపు ముందు కదిలాడు. ఊరు దాటి కాస్త దూరం పోయామో లేదో వెనక నుంచి ఎండుగడ్డి లారీ వచ్చింది. పట్నంలో బర్రెల దొడ్లకు గడ్డి తోలే లారీ. డ్రైవరు మొయినాబాద్ మనిషి, నడివయసు సాయిబు. బండి ఆపి, "ఏడికి?" అన్నాడు.

"పట్నం పోవాలె భాయ్. బిడ్డకు నర్సు సదువు ఇంటర్యూ ఉన్నది."

"లంగర్‌హౌజ్ దాక దింపుత. ఆడికెళ్లి మీరే నడ్సుకుంట పోవాలె. సాయంత్రం నాల్గింటికి మల్ల ఆడ్నే ఉంట. వస్తె తీస్కపోత, లేటైతె ఆగ."

"కిరాయెంత?"

"పోను రాను ఇద్దరికి రూపాయియ్యి. బిడ్డ నర్సయినంక మా అమ్మీకి సూది మందు నొప్పి లేకుంట ఏస్తె ఆ రూపాయి గూడ వాపసిస్త." 

ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు గానీ, గడ్డి లోడు మీద ప్రయాణం అంత సుఖమైనది ఇంకొకటి లేదు. చల్లగాలి, మెత్తటి పరుపు, రోడ్డుకు రెండు వైపులా ఎర్ర చెలక నేలలు. నా కష్టం వేరే. ప్రతి గుంటకూ నా కడుపులో నీళ్లు కుండలో చల్లలా చిలుక్కునేవి. కనకమామిడి దగ్గర లారీ కాసేపు ఆగితే, పొలం గట్టున కూర్చున్న ఒక ముసలమ్మ మమ్మల్ని చూసి చెంబు నిండా మజ్జిగ తెచ్చింది. వద్దంటే బాపు ఒప్పుకోలేదు. "తాగు బిడ్డా, పావుకిలో ఉంటది." మొయినాబాద్‌లో డ్రైవరు ఇంజనులో నీళ్లు పోస్తుంటే ఆ చప్పుడు వినలేక చెవులు మూసుకున్నాను. బాపు ముందు చెప్పుకోలేను, దిగలేను. ఇరవై మూడో కీర్తన మూడుసార్లు చదువుకున్నాను, అందులోనూ శాంతికరమైన జలములే వచ్చాయి!

లంగర్‌హౌజ్‌లో రోడ్డుకు అడ్డంగా డ్రమ్ములు, బల్లలు. కాలేజీ పిల్లలు పదిమంది దాకా లారీని చుట్టుముట్టారు. "మీదున్నది ఎవరు?" అని ఒకడు అరిచాడు. బాపు రుమాలు చేతిలోకి తీసుకుని సంగతి చెప్పాడు. ఆ అబ్బాయి నావైపు చూసి, "ఏ ఊరక్కా?" అన్నాడు.

"ఆలూరు. చేవెళ్ల అవుతల."

"మనోళ్లే. పోనియ్యిర్రి! పెద్దమనిషీ, ఒక్కసారి జై తెలంగాణ అని పో."

బాపు చర్చిలో పాట కూడా పెదవుల మీదే పాడే మనిషి. తడిసిన చేలో మొరాయించిన ఎద్దును అదిలించినట్టు ఒక్క కేక వేశాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను నవ్వలేదు. నవ్వితే నా గతి ఏమయ్యేదో నాకే తెలుసు.

అక్కడి నుంచి మెహదీపట్నం మీదుగా దవాఖానకు నడక. దుకాణాలు మూసి ఉన్నాయి, రోడ్లు ఊడ్చినట్టున్నాయి. చేరేసరికి పది దాటింది. వరండాలో పదిహేను మంది అమ్మాయిలు కూడా లేరు. బరువు చూసే గదిలో ఒక చిన్న నర్సు పేరు పిలిచింది. కళ్లు మూసుకుని ఎక్కాను. ఆమె ముల్లు సరిచేసి, "నలభై మూడు" అని రాసుకుంది.

"మల్ల చూడున్రి మేడం" అన్నాను. మళ్లీ చూసింది. నలభై మూడే. నేను వాకిట్లో ఉన్న బాపుకు మూడు వేళ్లు చూపించి, దొడ్డి ఎక్కడో అడిగి పరుగెత్తాను. తిరిగి వచ్చి కుదుటపడ్డ ప్రాణంతో చూస్తే బాపు ఆ కాంటా ముందు నిలబడి ఉన్నాడు.

"అమ్మా, జర నేను గూడ ఎక్కొచ్చా?"

ఆ అమ్మాయి నవ్వి ఎక్కమంది. యాభై ఆరు. బాపు దిగాడు, చెప్పులు విడిచాడు, మళ్లీ ఎక్కాడు. ముల్లు కదలలేదు. గోడకు ఆనుకుని వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు. నాకు అప్పటికి అర్థం కాలేదు. మెల్లగా అన్నాడు: "నువ్వు ముందుగాలనే సరిపోయినవ్ బిడ్డా. మన ఊరు ఊరంత ఆ కాంటా మీద తక్కువ తూగుకుంట వచ్చింది. మన కందులు, ఆముదాలు, అన్ని." ఆయన గొంతులో కోపం కంటే సిగ్గు ఎక్కువ వినిపించింది. మోసపోయినవాడికే సిగ్గు వేయడం నాకిప్పటికీ అన్యాయమే అనిపిస్తుంది. ఆ ఏడు పంట నుంచి ఆలూరు బండ్లు పంట అమ్ముకోవడానికి శంకర్‌పల్లి దారి పట్టాయని తర్వాత విన్నాను.

లోపల పెద్ద నర్సమ్మ, అంటే స్కూలు నడిపే ఆవిడ, తల నెరిసిన మనిషి. "బస్సుల్లేవు కదా, ఎలా వచ్చారమ్మా?" అంది. మాట వింటే కోస్తా ఆవిడని తెలుస్తోంది. ఇందాకనే రోడ్డు మీద కేకవేసి వచ్చిన బాపు గతుక్కుమన్నాడు. గడ్డి లారీ సంగతి నేను చెప్పాను. ఆవిడ నా జడలో గడ్డిపోచ ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

"రక్తం చూస్తే భయమా?"

"మా ఇంట్ల యాట కోస్తె గిన్నె పట్టేది నేనే అమ్మా."

"మగవాళ్లకూ ఒళ్లు తుడవాలి, మంచం మీదే అన్నీ చేయించాలి. ఊళ్లో ఏమన్నా అంటే?"

"మా తాత మంచాన పడ్డప్పుడు అవన్ని చేసిన. అప్పుడు ఎవరేమన్లే."

ఆవిడ తల ఊపి కలం మూసింది. తర్వాత చెప్పిన మాట మేము అనుకోనిది. "రావాల్సిన పిల్లల్లో సగం మంది ఈ గొడవల్లో రాలేకపోయారు. రేపు నిన్ను పిలిపిస్తే నువ్వూ రాగలవో లేదో. ఉన్నవాళ్లతోనే క్లాసు మొదలుపెడుతున్నాను. ఉంటే ఇవాళే ఉండిపో. ఇంటికెళ్తే మాత్రం సీటు పట్టి ఉంచలేనమ్మా."

వరండాలోకి వచ్చాం. నాకు ఒంటి మీది లంగా ఓణీ తప్ప ఇంకో బట్ట లేదు. "మీ అవ్వనొకమాట అడగకపాయె" అన్నాడు బాపు. మూడేళ్ల చదువు. సెలవులు ఎప్పుడిస్తారో తెలియదు, బస్సులు ఎప్పుడు నడుస్తాయో అంతకన్నా తెలియదు. నా కాళ్లు ఇంటివైపే లాగాయి, నిజం చెప్తున్నాను. బాపు ముఖం చూశాను. పొమ్మని గానీ ఉండమని గానీ ఆయన అనడం లేదు. అనలేక కాదు, ఆ మాట నేనే అనాలని.

"ఉంట బాపూ" అన్నాను.

ఆయన రుమాలు విప్పి దులిపి నా చేతిలో పెట్టాడు, కప్పుకోవడానికి. ముడిలో మిగిలిన చిల్లర కూడా తీయలేదు. నా తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. నాలుగింటికి లారీ అందుకోవాలి కదా, గేటు దాటి వెనక్కి చూడకుండా గబగబా నడిచిపోయాడు. ఊళ్లో పెద్ద ఆసాముల ముందు తప్ప రుమాలు లేని ఆయన తల నేను ఎప్పుడూ చూడలేదు. అక్కడ ఎండలో ఆ నెరిసిన జుట్టు దూరం దాకా కనిపించింది.

తర్వాత ఇన్నేళ్లలో ఎంతోమందికి పుట్టిన బిడ్డను చేతికందించాను, ఎంతోమందికి కళ్లు మూశాను. పదవీ విరమణ కూడా అయి చాలా కాలమైంది. పిల్లలు మాత్రం ఇంటర్వ్యూ ఎట్లుంటది, ఏం అడుగుతరు అనే అడుగుతారు. ప్రశ్నలు కష్టం కాదు తల్లీ. మీరు పాసయ్యే రోజున ఇంట్లోవాళ్లు అక్కడ ఉండరు, అదీ కష్టం. ఆ రాత్రి బాపు ఒక్కడే బండి దిగాడట. అవ్వ సంగతంతా విని, సంతోషమే అందట. తర్వాత కంచాలు పెట్టి, నలుగురికీ వడ్డించి కూర్చుందట. ఇంట్లో ఉన్నది ముగ్గురే. నాలుగో కంచం ఎవరూ తీయలేదని, పొద్దున దాకా అట్లాగే ఉందని మా తమ్ముడు చెప్పాడు.

అందుకని ఒకటే సలహా. సర్టిఫికెట్లు ఎట్లాగూ పెట్టుకుంటారు, వాటితో పాటు రెండు జతల బట్టలు కూడా సంచిలో వేసుకోండి. సాయంత్రానికి వచ్చేదే కదా అని వాకిట్లోంచే కేకేసి పోకండి. లోపలికి పోయి, అవ్వ చేస్తున్న పని ఆపించి, ఆమె ముఖం చూసి చెప్పి పోండి.