కరెంటు పొయ్యి అద్దం

ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు: ఎవరినైనా ఏదైనా అడగాల్సి వస్తే, ముందు ఆ మాటను మా ఓవెన్ తలుపు అద్దానికి చెప్పి చూసుకుంటాను. బీరువా అద్దం ముందు ఎప్పుడూ ఎవరో ఒకరు తిరుగుతుంటారు. ఓవెన్ వంటింటి మూలలో, చిన్న పీట మీద ఉంటుంది. దాని ముందు కూర్చుంటే శుభ్రం చేస్తున్నాననే అనుకుంటారు. చేస్తాను కూడా.

అది ఉదయగిరిలో ఉండే మా మేనత్తది. తన పెళ్ళికి ఎవరో కానుకగా ఇస్తే అందులో అప్పడాలు దాచుకునేది. వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా నేను దాన్నే చూస్తుండటం కనిపెట్టి, దానికి ఒక చెక్క గరిటె తోడిచ్చి ఆత్మకూరులోని మా ఇంటికి పంపేసింది. అప్పటి నుంచి అందులో రాగి బిస్కెట్లు చేస్తున్నాను.

నాయనది కిరాణా అంగడి. అక్కడ ఒక సీసాలో నా బిస్కెట్లు ఉండాలని నా కోరిక. నాయన రోజూ నాలుగు తింటాడు, "బాగుండాయి పాపా" అంటాడు, ఫోనులో తల పెడతాడు. అడగాల్సింది నా గొంతులోనే ఉండిపోతుంది.

ఒకరోజు ట్రే బయటికి లాగుతుంటే బెల్లం పాకం కారి, తెరిచిన తలుపు అద్దం మీద పడి మాడిపోయింది. పాత మరకలు ఎటూ ఉన్నాయి. ఇక నా ముఖమే కనపడలేదు. చల్లారాక ప్లగ్ తీసి, వంటసోడా ముద్దగా కలిపి పూశాను. అవ్వ స్టీలు పీచు పట్టుకొని వచ్చింది.

"పక్కకి జరుగు మే. నాలుగు రుద్దుళ్ళు రుద్దితే అదే పోద్ది."

"రుద్దబాక అవ్వా, గీతలు పడతాయి. నానాల."

"నానేదానికి అదేమన్నా మినప్పప్పా?"

అవ్వతో మాత్రం నాకు మాటలు తడబడవు. ఆమె నవ్వుకుంటూ వెళ్ళాక చెక్క గరిటె అంచుతో మెల్లగా గీకాను. మాడు పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచి తలుపు మూశాను. లోపలి చీకటికి అద్దం నిగనిగలాడింది. నా ముఖం చూసుకుంటూ మొదలుపెట్టాను.

"నాయనా, నా బిస్కెట్లు మన అంగట్లో పెడతావా?"

బాగానే వచ్చింది. ఇంకోసారి, కొంచెం గట్టిగా అన్నాను. అప్పుడు అద్దంలో నా భుజం వెనక ఇంకో ముఖం కనబడింది. భోజనానికి వచ్చిన నాయన, చెప్పులు చేతిలో పట్టుకొని నిలబడి ఉన్నాడు. అద్దం అంత బాగా తుడిచినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

నాయన నవ్వలేదు. వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. నా వైపు తిరగకుండా అద్దంలోకే చూస్తూ, "మళ్ళా చెప్పు. నేను గూడా దీన్నే చూస్తాంటా" అన్నాడు.

చెప్పాను. చివరికి వచ్చేసరికి గొంతు పీలగా అయింది గానీ, మాట పూర్తయింది.

నాయన గడ్డం గోక్కున్నాడు.

"పెడతా గానీ పాపా, గిరాకీ వచ్చి 'ఇయ్యి ఎవురు చేసినారు' అంటే ఈ పొయ్యిని మోసకపోయి చూపించాల్నా, నువ్వే వచ్చి చెప్తావా?"