కనిగిరి గాలి తుపాకీ

మొన్న ఆదివారం మా అమ్మాయి అటక మీది బిస్కెట్ల రేకు డబ్బా దించి మూత తీసింది. నూనెలో నానిన తోలు వాసన ఇల్లంతా పరుచుకుంది. వంటింట్లో పోపు వేస్తున్నదాన్ని అలాగే ఆగిపోయాను. మా మామయ్యగారు పోయి తొమ్మిదేళ్లు. ఆయన చొక్కాల వాసన ఎప్పుడో పోయింది, ఆయన కూర్చునే కుర్చీ కూడా విరిగింది. ఈ వాసన మాత్రం నిన్ననే మూత పెట్టినట్టుంది. ఇన్నేళ్లలో నేను ఆ డబ్బా జోలికి వెళ్లలేదు. ఎందుకో చెప్పాలంటే ముందు మా అత్తవారింటి పిచ్చి గురించి చెప్పాలి.

గుంటూరు దగ్గర మిరప, పత్తి పండించే కుటుంబం మాది. ఆదివారం అందరిళ్లలో కోడికూర తిని పడుకుంటారు. మా ఇంట్లో కోడికూర తిని పాత గాలి తుపాకులు ముందేసుకుని కూర్చుంటారు. వాటికి మందుగుండుతో పని లేదు. గొట్టం కిందికి వంచితే లోపలి స్ప్రింగు అణిగి కొక్కేనికి పడుతుంది. మీట నొక్కితే అది ఒక్కసారిగా విచ్చుకుని గాలిని తోస్తుంది, ఆ గాలి సీసపు గుండును తోస్తుంది. అలాంటివి పన్నెండున్నాయి. ఏ ఊళ్లో కొన్నదానికి ఆ ఊరి పేరే: చీరాలది, ఒంగోలుది, కనిగిరిది. పెళ్లైన కొత్తలో మా ఆయన, "కనిగిరిదానికి ఊపిరి సరిగా అందటం లేదు నాన్నా" అంటే, పాపం ఉబ్బసం ఉన్న మేనత్త ఎవరో అనుకుని, "మరి ఆసుపత్రికి తీసుకెళ్లకపోయారా?" అన్నాను. ఇంటిల్లిపాదీ పడిపడి నవ్వారు. మామయ్యగారు మాత్రం నవ్వలేదు. లేచి వెళ్లి ఆ తుపాకీ తెచ్చి నా ఒళ్లో పెట్టారు. "ఇదే కనిగిరిది. వైద్యం నువ్వే చేద్దువుగానిలే అమ్మాయ్. ముందు దీని పొట్టలో ఏముందో చూడు" అన్నారు.

అప్పటిదాకా నాకెవరూ ఒక వస్తువు విప్పి చూపించలేదు. మా పుట్టింట్లో మిక్సీ పాడైతే ముందు నన్ను పక్కకు జరగమనేవారు. ఈయన మాత్రం మరలు నా చేతే తీయించారు. తోలు వాషరు నూనెలో ఎంతసేపు నానాలో, స్ప్రింగు అలిసిపోతే చప్పుడు ఎలా మెత్తబడుతుందో నేర్పారు. దారానికి ఎండుమిరపకాయ కట్టి, వెనక ఇసుక బస్తాలు పేర్చి, దాన్ని కొట్టమనేవారు. తగిలిందంటే గింజలు చెదిరి అందరం తుమ్మేవాళ్లం. ఆయన నియమాలు రెండే. పిట్ట మీద గురి పెట్టకూడదు. గొట్టం వంచి స్ప్రింగు లాగిన తుపాకీని పేల్చకుండా అలాగే వదిలి వెళ్లకూడదు. "అణిగి కూర్చున్న స్ప్రింగు మళ్లీ లేవదమ్మాయ్" అనేవారు. పాడైన ప్రతి స్ప్రింగుకూ దాని తోలు వాషరుతో కలిపి ఓ అట్టముక్క కట్టి, ఏ తుపాకీదో, ఎందుకు పాడైందో రాసి ఈ రేకు డబ్బాలో వేసేవారు. తన తప్పైతే "నా తొందర" అని రాసుకునేవారు. ఆ రెండు మాటలు చూసి నేను ఎన్నిసార్లు నవ్వుకున్నానో.

నా కథ జరిగింది రెండో ఏడాది, కల్లంలో కాయలు ఎండుతున్న రోజుల్లో. ఓ ఆదివారం మధ్యాహ్నం మామయ్యగారు కనిగిరిదాన్ని తన చేత్తోనే నాకు అందించి, "ఇంద, నువ్వు కొట్టు" అన్నారు. గొట్టం వంచాను. కొక్కెం టక్కుమని పడింది. గుండు ఇంకా పెట్టనే లేదు, కల్లం వైపు నుంచి అత్తయ్యగారి కేక. "ఒసేయ్, వానొచ్చేస్తోంది! పట్టాలు తీసుకురండే!" మిరప రైతు ఇంట్లో ఆ కేక వింటే నోట్లో ముద్ద కూడా వదిలేసి పరిగెత్తాలి. గొట్టం సరిచేసి, తుపాకీని తుపాకుల బీరువాలో పెట్టేసి పరిగెత్తాను. గొట్టం సరిచేశాక అది లాగి ఉందో లేదో పైకి తెలియదు. ఆ వానకు సగం కాయలు తడిశాయి. ఆ తర్వాత తడిసి రంగు పోయిన తాలుకాయలు ఏరుకోవడం, మళ్లీ ఎండబెట్టడం, మార్కెట్ యార్డుకు పంపడం. మూడు నెలలు బీరువా మొహం ఎవరూ చూడలేదు.

వేసవిలో మామయ్యగారు కనిగిరిదాన్ని తీసి గొట్టం వంచారు. బిగువు లేకుండా జారిపోయింది. ఆయన మొహం పాలిపోయింది. ఇసుకలోకి పేలిస్తే చప్పుడు నీరసంగా వచ్చింది.

"ఎవరు లాగి పెట్టారు?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే మా ఆయన, "చివర్లో తీసింది మీరేగా నాన్నా!" అన్నారు.

అత్తయ్యగారు అందుకున్నారు. "ఈ మధ్య మీకు మతిమరుపు ఎక్కువైంది. మొన్న పొలం గేటు కూడా తీసే వచ్చారు."

ఆయన తన చేతుల వంక చూసుకున్నారు. తర్వాత నా వంక చూశారు. "అయ్యుంటుంది" అన్నారు. బీరువా తాళం చెవి తీసి నా చేతిలో పెట్టారు. "ఇక నువ్వే చూసుకో అమ్మాయ్. నా మీద నాకే నమ్మకం తగ్గుతోంది."

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. సిగ్గేసింది, భయమేసింది. తాళం దొరికినందుకు లోలోపల ఎక్కడో సంతోషం కూడా వేసింది, అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. ఆ నెలలోనే ఆయన మోటారు సైకిలు మానేశారు. మాత్ర వేసుకున్నానా లేదా అని రోజుకు రెండుసార్లు నన్నే అడిగేవారు. నాకు ఒక్కటే అయోమయం. తుపాకీ నా చేతికిచ్చింది ఆయనే. అది నిజంగా మర్చిపోయారా? మర్చిపోతే అత్తయ్యగారన్నది నిజమే. మర్చిపోకపోతే మరి ఆ "అయ్యుంటుంది" ఏమిటి?

కొత్త స్ప్రింగు కోసం ఇద్దరం చీరాల బస్సెక్కాం. ఇక ఆగలేక మొదలుపెట్టాను. "మామయ్యగారూ, ఆ రోజు వానొచ్చినప్పుడు..."

"వానొస్తే కాయలే ముఖ్యం అమ్మాయ్" అంటూ కిటికీ వైపు తిరిగారు.

అది నాకిచ్చిన జవాబో, ఊరికే అన్నమాటో అర్థం కాలేదు. మళ్లీ ఆ మాట ఎత్తే ధైర్యం రాలేదు. ఆయన ఉన్నన్నాళ్లూ రాలేదు. మిగిలిందల్లా ఓ అలవాటు. బీరువా తాళం వేసేముందు ప్రతి గొట్టాన్నీ కాస్త వంచి చూస్తాను. అరచేతికి ఎదురు తన్నితే సరే. ఇంట్లో వాళ్లు, "పన్నెండింటికీ నాడి చూస్తోంది" అని ఎగతాళి చేస్తారు.

మొన్న మా అమ్మాయి డబ్బా ముందేసుకుని అట్టముక్కలు ఒక్కొక్కటీ పైకి చదువుతోంది. "చీరాలది, తుప్పు. ఒంగోలుది, నా తొందర." నవ్వింది. "కనిగిరిది..." అని ఆగింది. "అమ్మా, వానకి స్ప్రింగు పాడవుతుందా?"

"ఏం రాశారే?"

"వాన. అంతే."

స్టవ్వు కట్టేసి వచ్చి దాని పక్కన కూలబడ్డాను. నీలం సిరా, ఆయన గుండ్రటి అక్షరాలు. అంటే ఆయనకు తెలుసు. తన తప్పును దాచుకోని మనిషి నా తప్పును వాన మీదికి నెట్టేశారు. ఆ డబ్బా నిండా ఆయన రాసిన అబద్ధం ఇదొక్కటే. ఏడుపు ఆగలేదు.

"పాడవదు" అన్నాను. "నేనే పాడుచేశాను." అంతా చెప్పాను, తాళం చెవి సంగతితో సహా.

అది అట్టముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. చివరికి, "తెలిస్తే మరి తాతయ్య బండెందుకు మానేశాడమ్మా?" అంది.

నన్ను కాయడానికి అంత దూరం వెళ్లారా? లేక అందరూ అనగా అనగా, తెలిసిన సంగతి మీద కూడా ఆయనకు నమ్మకం పోయిందా? ఇన్నేళ్లు మోసిన ప్రశ్నకు జవాబు దొరికి, అంతకంటే బరువైనది చేతికొచ్చింది. అమ్మాయి పెన్ను అడిగాను.

"కొట్టేస్తావా?" అంది.

కొట్టేయలేదు. "వాన" అలాగే ఉంది. దాని కింద నా చేత్తో "నా తొందర" అని రాశాను.