రంగూన్ దాకా పోని పడవ

మా అత్త సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. అయినా కాలనీ నల్లా దగ్గర బిందెల వరుసలో నిలబడ్డ మా అందరికీ సముద్రమంటే ఏమిటో చెప్పింది ఆమే. నల్లా ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అది వచ్చేదాకా ఆమె కథలో ఆమె మొగడు ఓడ నడిపేవాడు.

"ఓడంటే ఏమనుకున్నవ్ పిల్లా! మన క్వార్టర్ల లైన్లు నాలుగు కలిపితె ఒక్క ఓడ. దాని కడుపుల బొగ్గేసి మండిస్తరు. గాలివాన కొడ్తె మొగోళ్లు గూడ తల్లిని తలుసుకొని ఏడుస్తరు. మీ మామ ఏడ్వలె. దొంగలు ఓడెక్కిన్రు. తెడ్డు వట్టుకొని ఒక్కొక్కని నడుం ఇరగ్గొట్టిండు."

ఈ కథ నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి వింటూనే ఉన్నాను. విన్నప్పుడల్లా దొంగలు పెరిగేవారు. రంగూన్ రేవు కనబడగానే మాత్రం కథ ఆగిపోయేది. "ఇగ నల్లా అచ్చె, బిందె వెట్టు" అనేది, నల్లా రాకపోయినా సరే.

ఎందుకు ఆగేదో అందరికీ తెలుసు. నిజాం కాలంలో మా మామ టేకు కలప గుత్తేదారు దగ్గర పడవ మీద పనిచేసేవాడు. గోదావరి మీద కిందికి, సముద్రం దగ్గరి ఊళ్ల దాకా పోయి వచ్చేవాడట. నా మొగడు ఇంకా పాలు తాగే పిల్లవాడు, అప్పుడొక వానాకాలం పడవెక్కి పోయినవాడు తిరిగి రాలేదు. పడవా రాలేదు. సముద్రం దాటి రంగూన్ పోయాడనీ, అక్కడ ఇంకొకతెను ఉంచుకున్నాడనీ ఊరు తేల్చేసింది. కుండ మూతికి మూకుడుంది గానీ లోకం మూతికి లేదు. కొడుకుకు బొగ్గుబాయిలో పని దొరకగానే ఆమె ఆ ఊరి గడప మళ్లీ తొక్కలేదు. అయినా చేతినిండా గాజులు వేసుకునేది, నుదుట పెద్ద బొట్టు పెట్టుకునేది. పెత్రమాస అమావాస్యకు ఇంటింటా చనిపోయినవాళ్ల పేరున బియ్యం ఇస్తుంటే మా ఇంట్లో మామ పేరు ఎత్తనిచ్చేది కాదు. "పానంతోని ఉన్నోనికి బియ్యమిస్తరా?" అని కసిరేది.

నాకు ఆ సముద్రమంటేనే విసుగు. మూడు షిఫ్టుల మొగడు, ఎంత ఉతికినా నలుపే కారే బట్టలు, పొయ్యి ముందు బొగ్గుపొగ. ఒళ్లు అలిసిన మనిషికి ఇంకొకరి ఆశ కూడా బరువే. మామ వస్తే రానీ, లేకపోతే లేదు, ఈ ఓడ మాత్రం ఎక్కడో ఒకచోట మునిగితే బాగుండు అనుకునేదాన్ని.

ఒక ఎండాకాలం బాయిలో నా మొగడి కాలికి దెబ్బ తగిలింది. మానేదాకా గోదావరి ఒడ్డున లైట్ డ్యూటీ వేశారు. బొగ్గు తీసిన చోట బాయి కప్పు కూలకుండా ఇసుక నింపుతారు. గోదావరిలో తవ్విన ఇసుకను నీళ్లతో కలిపి గొట్టాల్లో లోపలికి పంపుతారు. ఆ తవ్వకంలో ఒక పాత పడవ బయటపడింది.

ఆ మధ్యాహ్నం ఆయన ఇంటికి వచ్చి, తువ్వాలలో చుట్టిన చెంబును నా ముందు పెట్టాడు. అత్త నల్లా దగ్గర ఉంది. చిలుము పట్టి పచ్చబడిన ఇత్తడి చెంబు. తిప్పి చూస్తే అడుగున చిల్లికి వేసిన రాగి మాటు.

ఆ మాటు సంగతి మా ఇంట్లో వినని రోజు లేదు. పెళ్లికి మాటేసిన చెంబు పెట్టారని అత్తింటివాళ్లు ఆమెను దెప్పితే, మా మామ ఒక్కడే "నీళ్లు కారకుంటె సాలదా" అని, పోయిన చోటికల్లా అదే చెంబు పట్టుకుపోయేవాడట.

"ఇంకేమన్న దొరికినయా?" అన్నాను.

"బొక్కలు అగుపడ్డయన్నరు. గొడ్లయి కావచ్చన్నడు మేస్త్రి. నేను పొయ్యేసరికే ఇసుకతోని బాయిలకు పోయినయ్." కళ్లు తుడుచుకున్నాడు. "అవ్వకు చెప్పాలె. సిన్నప్పటి సంది నన్ను రంగూనోని కొడుకన్నరు. మా బాపు పారిపోలె. మా ఊరి రేవుకెల్లి రెండు మలుపులు గూడ దాటలె."

"చెప్తె గాజులు తీస్తరు. బతుకమ్మకు ఎవ్వలు పిలుస్తరు ఆమెను? గీ వయసుల ఆమెకున్నదే గది."

ఆయన మాట నిజమే, నా మాటా నిజమే. చివరికి నేను చింతపండు పెట్టి దాన్ని తోమాను. మురికి కనబడితే తోమడం తప్ప నాకు ఇంకేం చేతనవును? తోమి, నీళ్లకుండ పక్కన బోర్లించాను.

అత్త ఎండలో బిందె మోసుకొచ్చి దించింది. "దూపైతంది" అని, దాహంతో చేతికందిన చెంబు తీసుకుంది. వేళ్లు అడుగుకు పోయాయి. అక్కడే ఆగాయి.

"ఏడ దొరికింది?"

కొడుకు అంతా చెప్పాడు. బొక్కల, ఆ ఎముకల సంగతి కూడా దాచలేదు. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టయింది ఆమె బతుకు.

"రంగూన్ పోలేదా?" అంది.

"పోలేదవ్వా."

"ఎవ్వతిని ఉంచుకోలె."

"లేదవ్వా."

అప్పుడు ఏడ్చింది. "గింత దగ్గర్నే ఉన్నడు. నేను దినాం తిట్టుకున్న. మీకు ఓడల కతలు చెప్పుకుంట లోపట తిట్టుకున్న."

చుట్టుపక్కల ఆడవాళ్లు గాజులు పగలగొట్టడానికి వస్తే దగ్గరికి రానివ్వలేదు. నన్ను సబ్బు అడిగి, ఒక్కొక్కటే తనే తీసుకుంది. "నన్ను ఇడిసిపెట్టలె, సచ్చిపోయిండు. గంతే" అని వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పింది. అంత గర్వంగా విధవ అయిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

పెత్రమాస నాటికి నా మొగడి కాలు మానింది, మళ్లీ బాయిలోకి దిగుతున్నాడు. మామ పేరున మొదటిసారి బియ్యం ఇచ్చాం. ఆయన డ్యూటీకి బయలుదేరుతుంటే అత్త ఆ చెంబు నిండా నీళ్లు పోసి తెచ్చింది.

"ఆ ఇసుక ఏ బాయిల నింపిన్రు?"

"మా బాయిలనే."

"అయితె గీ నీళ్లు ఆడ పొయ్యి. కప్పు మీ బాపు వట్టుకుంటడు, ఫికర్ చెయ్యకు. పైలంగ పో."

తోటివాళ్లు నవ్వుతారని కూడా అనుకోలేదు ఆయన. నీళ్లు తొణకకుండా రెండు చేతులతో పట్టుకొని పోయాడు. ఆ రోజు నల్లా దగ్గర ఎవరో ఓడ కథ అడిగితే అత్త అడ్డంగా తలూపి ఊరుకుంది. నా ప్రాణానికి ఆ నిశ్శబ్దమూ బాగాలేదు.

సాయంత్రం ఆయన నల్లటి ముఖంతో, ఖాళీ చెంబుతో వచ్చాడు. స్నానానికి నీళ్లు తోడుతున్నాను. అత్త గడపలో కూర్చొని ఉంది.

"తాగిండా?" అంది.

"పోసుడే ఆలిశం, ఇసుక అంత గుంజుకున్నదవ్వా."

చెంబు ఒడిలో పెట్టుకుని, కొంగుతో దాని అంచు తుడిచింది.

"దూప మీదున్నడు పాపం," అంది.