ల్యాప్‌టాప్‌కు నర్సవ్వ పెట్టిన బొట్లు

పెద్దవంగరలో వెంకటనర్సమ్మను అందరూ నర్సవ్వ అంటారు. కూర వడ్డిస్తే అందరికీ ఒకే గంటె. తిట్లూ అంతే, ఇంట్లో ఒకరికి పడ్డాయంటే మిగతావారూ సిద్ధంగా ఉండాలి. దసరా రోజు ఇంట్లోని పనిముట్లకు బొట్టు పెట్టేది ఆమే. మందు కొట్టే పంపుకు పెడితే, దాని మూతకూ పెడుతుంది.

నిరుటి దసరాకు మనవరాలు తేజస్విని ల్యాప్‌టాప్ కూడా పూజలోకి వచ్చింది. వరంగల్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. ఇప్పటి వాటికి అంచున ఒకటో రెండో బొక్కలుంటాయి. ఈ పాతదానికి చుట్టూ ఉన్నాయి: పెన్‌డ్రైవ్‌వి, ఇంటర్నెట్ వైరుది, ప్రొజెక్టరుకు కలిపేది, ఇయర్‌ఫోన్‌ది. నర్సవ్వ నూనెలో తడిపిన కుంకుమతో ఒక్కోదాన్నీ నింపుకుంటూ వచ్చింది. చార్జర్ పెట్టి ఉన్న బొక్క మాత్రం తప్పించుకుంది. చివరకు మూత తెరిచి, తెర పైన సరిగ్గా నడుమ, నుదురు అనదగ్గ చోట, నిండుగా ఒక బొట్టు.

మర్నాడు పొద్దున తేజస్వినికి ఉద్యోగం ఇంటర్వ్యూ. డిగ్రీ అయ్యాక పిలిచిన మొదటి కంపెనీ. ఫోన్‌లో కుదరదు, కంప్యూటర్‌లోనే రావాలని ముందే చెప్పారు. ఎందుకైనా మంచిదని ఆ పొద్దున్నే లేచి ఒక పాట పెట్టి చూసింది. పాట నడుస్తోంది, చప్పుడు లేదు. కుంకుమ గట్టిపడేసరికి, తనకు ఇయర్‌ఫోన్ పెట్టారని ల్యాప్‌టాప్ నమ్మి స్పీకర్లు మూసుకుంది.

"అవ్వా, గిదేం పనే! అన్ని బొక్కలు పూడ్చినవు!"

"ఒకదానికి పెట్టి ఇంకోదానికి పెట్టకుంటె ఎట్ల బిడ్డా? అది ఏమనుకుంటది?"

"అది ఏమనుకోదే. నా నౌకరి పోతది."

నర్సవ్వ లేచి పిన్నీసు తెచ్చింది. చేలల్లో ఎవరి కాలికి ముల్లు దిగినా ఆమె దగ్గరికే వస్తారు. ల్యాప్‌టాప్ బంద్ చేయించి, ఒడిలో పెట్టుకుని, ఎడమ పక్క నుంచి మొదలుపెట్టింది.

"గా చివరిది, గుండ్రంది, గదొక్కటి తియ్యే చాలు. మిగిలినయి రేపు తీద్దువు."

"వరుసల వస్త. ఒకదానిది తీసి ఇంకోదానిది తియ్యకుంటె ఉసురు తాకుతది."

"ఇంటర్నెట్ వైరు మన ఇంట్లనే లేదే!"

"లేకుంటే ఏంది? దానిదీ నోరే గద."

ఇంటర్వ్యూకు కాస్త ముందు గుండ్రటి బొక్క వంతు వచ్చింది. పిన్నీసు కొసకు ఎర్రటి ఉండ ఊడివచ్చింది. ఆన్ చేస్తే స్పీకర్ మోగింది. తెర పైని బొట్టును తేజస్విని చూసింది గానీ, దాని కింద కెమెరా ఉందన్న సంగతి ఆ తొందరలో తోచలేదు.

"మీ మాట వినిపిస్తోంది," అంది అవతలి మేడం. "మీరు కనబడటం లేదు. అంతా ఎర్రగా ఉంది."

తేజస్విని చెయ్యి బొట్టు మీదికి పోయింది. నర్సవ్వ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆగు. పండుగ తెల్లారే ముఖం మీది బొట్టు తుడుస్తరా?"

"అవ్వా, వాళ్లు వింటున్నరే!"

"విననీ. ఉత్త నొసలుతోని ఎట్ల ఉంటది?"

కుంకుమ భరిణె తెచ్చి, కొంచెం పక్కకు కొత్త బొట్టు పెట్టింది. అది నిలిచిందని చూసుకున్నాకే పాతది కొంగుతో తుడిచింది. మేడంకు మొదట కొంగు, తర్వాత నర్సవ్వ ముఖం కనిపించాయి.

"బాగున్నవా బిడ్డా?" అని అడిగింది నర్సవ్వ.

మేడం బాగున్నానంది. నర్సవ్వ పక్కకు తప్పుకుంది.

ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు తేజస్విని ఇంటి నుంచే, అదే ల్యాప్‌టాప్ మీద పనిచేస్తోంది. ఈ దసరాకు ముందుజాగ్రత్తగా బొక్కలన్నిటికీ టేపు అంటించింది. నర్సవ్వ చూసి, మంచి పని చేశావని మెచ్చుకుంది. ప్రతి టేపు ముక్క మీదా ఒక్కో బొట్టు పెట్టింది. మిగిలిన టేపు చుట్టకూ ఒకటి పెట్టింది.