ఆకుపచ్చ చీర నిందితురాలు

కరోనా తర్వాత చెన్నై లోకల్ రైళ్లు మళ్లీ కిక్కిరిసిన ఏడాది, తమిళుల ఆషాఢమైన ఆడి మాసంలో నన్ను ఎన్నూరు లైనులో లేడీస్ పెట్టెల డ్యూటీకి వేశారు. అప్పటికి నేను రైల్వే పోలీసులో ఎస్.ఎస్.ఐ., అంటే స్పెషల్ సబ్ ఇన్‌స్పెక్టర్‌ని. పరీక్ష రాసి నేరుగా ఎస్సై అయినవాళ్లు వేరు, మేము వేరు. కానిస్టేబుల్‌గా చేరి, ప్లాట్‌ఫారాల మీద నిలబడి నిలబడి, సర్వీసు పండాక భుజానికి నక్షత్రాలు పెట్టించుకున్నవాళ్లం మేము. జీతంలో తేడా కొంచెమే. మోకాళ్ల నొప్పుల్లో మాత్రం మమ్మల్ని కొట్టేవాళ్లు లేరు.

మాది వాషర్‌మెన్‌పేట్. ముత్తాత కాలం నుంచీ పప్పుల హోల్‌సేల్ వ్యాపారం. ఆ ఇంట్లో పోలీసులో చేరిన మొదటిదాన్ని నేనే, చివరిదాన్నీ నేనే. మావాళ్ల దృష్టిలో నేను ఈనాటికీ కొట్టులో కూర్చోవడం చేతకాక పారిపోయినదాన్నే.

పని సంగతికి వస్తాను. ఒక సాయంత్రం హెల్ప్‌లైనుకు ఒక అమ్మాయి ఫోన్ చేసింది. తెలుగమ్మాయి. ఎన్నూరులో కంటైనర్ యార్డు ఆఫీసులో పని. ఎన్నూరు స్టేషన్లో ఎవడో ఒకడు కాచుకుని ఉంటున్నాడట, ఆమె ఎక్కిన రైలే ఎక్కుతున్నాడట, ఆమె దిగినచోటే దిగుతున్నాడట. పేరడిగితే చెప్పలేదు. అడ్రసు చెప్పలేదు. పసుపుపచ్చ బ్యాగు తగిలించుకుంటానని మాత్రం చెప్పి పెట్టేసింది. తిరిగి చేస్తే ఎత్తలేదు. పోలీసులను నమ్మి ఫోన్ చేసింది కానీ, పేరు చెప్పేంత నమ్మకం ఇంకా కుదరలేదన్నమాట.

ఇలాంటి ఫిర్యాదుకు మా దగ్గర ఒక పద్ధతి ఉంది. మఫ్టీలో, అంటే యూనిఫారం లేకుండా, మామూలు బట్టల్లో ఫిర్యాదుదారు వెనకాలే వెళ్లాలి. మేమున్నామని ఆమెకు చెప్పం. చెబితే మాటిమాటికీ మా వైపు చూస్తుంది, అది చూసి వాడు జారుకుంటాడు. నేను లేడీస్ పెట్టెలో, హెడ్ కానిస్టేబుల్ ఆరుముగం పక్క జనరల్ పెట్టెలో ఉండాలని ఇన్‌స్పెక్టర్ ఆర్డరు వేశారు. నేను ఆకుపచ్చ వాయిల్ చీర కట్టాను. వైరు బుట్టలో ఐడీ కార్డు వేసి, దాని మీద రెండు కట్టలు తోటకూర పరిచాను. మార్కెట్టు చేసుకుని ఇంటికి పోయే ఇల్లాలిలా అచ్చంగా కుదిరానని నాకు నేనే మురిసిపోయాను.

ఆ సాయంత్రపు రైలు లేడీస్ పెట్టె గురించి కొంచెం చెప్పాలి. రోజూ వచ్చేవాళ్లకు అందులో ఎవరి చోటు వాళ్లకుంటుంది. ఎవరు ఎక్కడ దిగుతారో అందరికీ తెలుసు. కునుకు పడితే స్టేషన్ రాగానే తట్టి లేపుతారు. రెండు రోజులు కనబడకపోతే ఒంట్లో బాగాలేదేమోనని ఆరా తీస్తారు. కొత్త మొహం ఎక్కితే మూడు ప్రశ్నలు తప్పవు. పేరేంది, యాడ దిగతావు, ఇంట్లో ఎవరుండారు. ఈ ప్రశ్నలు అడిగే పెద్దరికం మరియమ్మక్కది. వ్యాసర్పాడి తెలుగావిడ, పెట్టెల్లో తిరుగుతూ పిన్నీసులు, హెయిర్ క్లిప్పులు అమ్ముతుంది.

పసుపుపచ్చ బ్యాగు అమ్మాయిని మొదటి రోజే పట్టేశాను. సన్నగా, పొడుగ్గా ఉంది. చున్నీ అంచుకు వరసగా పిన్నీసులు, మెడలో విజిలు, చేతిలో చిన్న సీసా నిండా కారప్పొడి. మరియమ్మక్క సరుకులో సగం ఆ పిల్ల ఒంటి మీదే ఉంది. రైలు కదలగానే ఫోను చెవికి పెట్టి, పెట్టె మొత్తానికి వినబడేలా మొదలుపెట్టింది.

"హలో బాబాయ్! ఆఁ, రైలెక్కాను. మీరు జీపులో స్టేషన్ బయటే ఉన్నారా? సరే సరే, డీఎస్పీ గారంటే బిజీగా ఉంటారు కదా, మెల్లిగా రండి."

ఫోను స్క్రీను మీద వెలుగే లేదు. నా సర్వీసులో ఎందరో డీఎస్పీలకు సెల్యూట్ కొట్టాను కానీ, అన్నకూతురి కోసం తండయారుపేట స్టేషన్ బయట జీపులో పడిగాపులు పడే డీఎస్పీని మాత్రం చూడలేదు. నవ్వు ఆపుకోవడానికి తోటకూర సర్దుకున్నాను.

మరియమ్మక్క మూడు ప్రశ్నలకు ఆమె ఇచ్చిన జవాబులు ఇంకా బాగున్నాయి. పేరు సుజాతట. పెళ్లయిందట. మొగుడు పోలీసట, మహా కోపిష్టట. దిగేది తండయారుపేటలోనట. తీరా తండయారుపేట రాగానే దిగినట్టే దిగి, రైలు కదిలే ముందు ఇంకో పెట్టెలోకి ఎగిరి ఎక్కింది. నేనూ దిగి, పరిగెత్తి ఎక్కాను. మరుసటి రోజు ముందే తిరువొత్తియూరులో దిగి షేర్ ఆటో ఎక్కి మాయమైంది. వెంటపడేవాడి నుంచి తప్పించుకోవడానికి ఆమె వేసే ఎత్తులన్నీ నా మీదే పనిచేశాయి. వాడు ఎలా ఆమె వెనక నిలిచాడో గానీ, ప్రభుత్వం మాత్రం తిరువొత్తియూరులోనే ఆగిపోయింది.

వాడిని ఆరుముగం గుర్తు పట్టాడు. ఇస్త్రీ చొక్కా, పొట్టిగా కత్తిరించిన జుట్టు, మెడలో ఆఫీసు కార్డు. ఎవరైనా కూతురినిస్తామనే వాలకం. జనరల్ పెట్టెలో, లేడీస్ పెట్టె గోడకు ఆనుకుని నిలబడతాడు. ఆ గోడకు పై సగం కమ్మీలే. ఇటు మాట్లాడేదంతా అటు వినబడుతుంది. అయితే రైలెక్కడం నేరం కాదు, గోడకు ఆనుకోవడమూ కాదు. వాడు గీత దాటినప్పుడే పట్టుకోవాలని ఇన్‌స్పెక్టర్ చెప్పారు.

ఆ తర్వాతి సాయంత్రం తిరువొత్తియూరు దాటుతుండగా ఆ అమ్మాయి మళ్లీ ఫోను తీసింది. ఈసారి గొంతు తగ్గించి, తలుపు దగ్గరకెళ్లి మాట్లాడింది. బాబాయితో రహస్యాలు కూడా మొదలయ్యాయన్నమాట అనుకున్నాను. కాసేపటికి నా ఫోను మోగింది. కంట్రోల్ రూమ్ కుర్రాడు.

"అక్కా, అదే అమ్మాయి మళ్లీ చేసింది. ఇప్పుడు ఆడమనిషొకతి వెంటపడతా ఉందంట. పెట్టె మారితే మారతా ఉందంట, దిగితే దిగతా ఉందంట. ఇదేదో ముఠా అక్కా! మీరు ఆ రైల్లోనే ఉండారు కదా, పట్టేసేయండి. ఆనవాళ్లు రాసుకోండి. ఆకుపచ్చ చీర, వైరు బుట్ట, యాభై దాటిన వయసు, బాగా లావు."

ఆకుపచ్చ చీర నిజమే. వైరు బుట్ట నిజమే. వయసు కూడా ఒప్పుకుంటాను. 'బాగా' అనే మాట ఆ అమ్మాయి చెప్పిందా, వీడు సొంతంగా కలిపాడా అన్నది ఇప్పటికీ తేలలేదు. నిందితురాలు నా కళ్లెదుటే ఉంది, పారిపోదు అని చెప్పి పెట్టేశాను.

తలెత్తేసరికి ఆ అమ్మాయి మరియమ్మక్క చేతులు పట్టుకుని ఏడుస్తోంది.

"అక్కా, నేను మీకు చెప్పినవన్నీ అబద్ధాలు. నా పేరు శ్రావణి. మాది బాపట్ల. వాషర్‌మెన్‌పేట్‌లో హాస్టల్లో ఉంటాను. అదిగో, ఆ ఆకుపచ్చ చీరావిడ రోజూ నా వెనకాలే వస్తోంది. నాకు భయంగా ఉందక్కా!"

పెట్టె పెట్టెంతా లేచింది. మరియమ్మక్క నా బుట్ట లాక్కుంది. ఇద్దరు నా చేతులు పట్టుకున్నారు. మూడో ఆమె జడ పట్టుకుందామని చూసింది కానీ, నాది చిన్న ముడి కాబట్టి దొరకలేదు.

"ఎవురు నువ్వు? పిల్లల్ని పట్టుకుపోయే దానివా?" అంది మరియమ్మక్క.

"పోలీసుని. తోటకూర కింద కార్డు చూడు."

చూసింది. కార్డులో ఫొటో నేను కొత్తగా చేరినప్పటిది. ఫొటో చూసి, నన్ను చూసి, మళ్లీ ఫొటో చూసింది.

"ఈ బొమ్మలో ఉండే అమ్మ సన్నంగా ఉండాది. ఎవురి కార్డు ఎత్తుకొచ్చినావు? ఇట్టాంటిది నా మనవరాలు కూడా స్కూలు నాటకానికి చేసుకునింది."

ఒకే సాయంత్రం రెండుసార్లు నా ఒంటి గురించి వ్యాఖ్యానం విన్నాను. అంతలో రైలు తండయారుపేటలో ఆగింది. ఇంతవరకూ నవ్వుతూ రాశాను. ఇక్కడ నుంచి కొద్దిసేపు నవ్వలేను.

ఆ ఇస్త్రీ చొక్కావాడు ప్లాట్‌ఫారం మీద నుంచి లేడీస్ పెట్టె తలుపు దగ్గరకొచ్చాడు. లోపల గొడవ వాడికి బాగా కలిసొచ్చింది. చెయ్యి చాపి ఆ అమ్మాయి మణికట్టు పట్టుకున్నాడు.

"ఏంటీ గొడవ? దిగు, ఇంటికెళ్దాం పద" అన్నాడు. గొంతులో తొందర లేదు, బెదురు లేదు. అలసిపోయిన మొగుడు మాట్లాడినట్టే ఉంది.

ఆమె వదలమని అరిచింది. కానీ ఆ గందరగోళంలో మరియమ్మక్క వాడి పోలీసు కటింగు జుట్టు మాత్రమే చూసింది. "నీ మొగుడు పోలీసంటివే, ఈయనేనా?" అని అడిగింది.

"అవునమ్మా, నేనే" అన్నాడు వాడు. "ఇంట్లో చిన్న మాట పట్టింపు. అలిగి వచ్చేసింది."

"కాదు! నాకసలు పెళ్లే కాలేదు!" అంది శ్రావణి. ఆ మాటను ఎవరూ చెవిన వేసుకోలేదు. మొగుడూ పెళ్లాల తగాదా అనగానే మనవాళ్లు చేతులు వెనక్కి తీసేసుకుంటారు. తలుపు దగ్గర ఉన్నవాళ్లు పక్కకు జరిగి దారి కూడా ఇచ్చారు. ఆమె ఒక కాలు అప్పటికే ప్లాట్‌ఫారం మీద పడింది. ఇన్నేళ్ల సర్వీసు, భుజాల మీద నక్షత్రాలు, అన్నీ ఉండి ఇద్దరు ఆడవాళ్ల గుప్పిట్లో కదలలేకుండా ఉన్నాను. నాకు మిగిలింది గొంతొక్కటే.

"వాణ్ణి పెళ్లాం పేరేందో అడగండే!" అని అరిచాను.

వాడు తడుముకోలేదు. "సుజాత" అన్నాడు. కమ్మీల అవతల నిలబడి విన్న పేరు మరి. ఇందాక ఏడుస్తూ మెల్లిగా చెప్పిన అసలు పేరు వాడి దాకా పోలేదు.

మరియమ్మక్క నా బుట్ట కింద పెట్టింది.

"ఆ పేరు ఉత్తదని ఇప్పుడే కదరా మాకు చెప్పింది" అంది. "కట్టుకున్నోడికి తెలీదా?"

నా చేతులు పట్టుకున్న చేతులన్నీ వాడి మీదికి మారాయి. అంత చురుగ్గా డ్యూటీ మార్పిడి మా స్టేషన్లో ఏనాడూ జరగలేదు. పిన్నీసుల అట్ట కూడా ఆయుధమవుతుందని ఆ రోజు తెలిసింది. కారప్పొడి సీసా మాత్రం ఎవరూ తెరవలేదు. దాని మూత బిగిసిపోయి రాలేదని శ్రావణి తర్వాత స్టేట్‌మెంట్‌లో చెప్పింది. ఆరుముగం పరిగెత్తుకుంటూ వచ్చి, నన్ను చూసి, "మేడం, ఆకుపచ్చ చీర ఆమె చిక్కిందా?" అన్నాడు. కంట్రోల్ రూమ్ అతనికీ చెప్పిందట. పాపం, ప్లాట్‌ఫారమంతా ఆమె కోసమే గాలిస్తున్నాడు.

అసలు చిక్కు స్టేషన్‌కు వెళ్లాక వచ్చింది. ఎఫ్ఐఆర్ కట్టాలంటే ఫిర్యాదుదారు పేరు, ఊరు రాసి సంతకం చేయాలి. శ్రావణి కలం పట్టుకుని కూర్చుండిపోయింది. వాళ్ల నాన్నకు బాపట్లలో మందుల షాపు. చెన్నైలో ఎవరికీ పేరు చెప్పకు, ఊరు చెప్పకు, ఒంటరిదానివని తెలియనివ్వకు అని రైలెక్కిస్తూ చెప్పాడట. ఏ చిన్న గొడవైనా ఉద్యోగం మాన్పించి ఇంటికి తీసుకుపోతానని కూడా అన్నాడట. పోలీసు కేసంటే చిన్న గొడవ కాదు కదా. సంతకం చేస్తే ఉద్యోగం పోతుంది. చేయకపోతే వాడు రేపు మళ్లీ ఎన్నూరు స్టేషన్లో ఉంటాడు.

నేనేమీ బోధించలేదు. టీ తెప్పించాను. బయట బెంచీ మీద మరియమ్మక్క అప్పటికీ కూర్చునే ఉంది, ఆ పూట అమ్మకం వదులుకుని. సాక్షి సంతకం ఎక్కడ పెట్టాలో చెప్తే పెట్టేసి ఇంటికి పోతానని తొందర పెడుతోంది. ఆమెను కిటికీలోంచి కాసేపు చూసి, శ్రావణి సంతకం చేసింది. పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా. నాన్నకూ తనే ఫోన్ చేసింది.

ఆయన మర్నాడు పొద్దున్నే దిగాడు, ఖాళీ సూట్‌కేసుతో. కూతురి సామాను సర్దుకుపోవడానికని అర్థమైంది. నేను యూనిఫారంలో, టోపీతో సహా కూర్చుని ఉన్నాను.

"మా నాన్నకు మీరే చెప్పండి మేడం" అంది శ్రావణి.

"మీ అమ్మాయి ఈ కేసులో ఫిర్యాదుదారు" అన్నాను. "వాణ్ణి గుర్తు పట్టాలి, కోర్టులో వాంగ్మూలమివ్వాలి. పిలిచినప్పుడు ఊళ్లో ఉండాలి."

"ఎన్నాళ్లండీ?" అన్నాడాయన.

"కోర్టు సంగతి మీకు తెలియనిదేముంది!" అన్నాను.

కోర్టు తేదీకి బాపట్ల నుంచి వచ్చి పోవచ్చు. చట్టం అడ్డు చెప్పదు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. కూతురి వైపు తిరిగాడు. "నేను ఎవరికీ చెప్పొద్దన్నానే. మరి అసలు పేరెందుకు చెప్పావమ్మా?" అని మెల్లిగా అడిగాడు.

"చెప్పబట్టే ఇక్కడ ఉన్నాను నాన్నా" అంది ఆమె. ఆయన సూట్‌కేసు ఖాళీగానే తీసుకుపోయాడు.

ఆ కేసు నుంచి నేను నేర్చుకున్నది ఇంతే. కొత్త ఊళ్లో ఒంటరిగా తిరిగే ఆడపిల్ల అబద్ధాలు చెప్పడం తప్పు కాదు. అడిగిన ప్రతివాడికీ నిజం చెప్పాలని ఏ సెక్షన్లోనూ లేదు. కానీ రోజూ ఎక్కే పెట్టెలో ఒక్క మనిషికైనా అసలు పేరు, దిగే స్టేషన్ తెలిసి ఉండాలి. మీరు ఫోన్ చేస్తే మేం తప్పకుండా వస్తాం. రావడానికి టైం పడుతుంది. ఆలోపు ఎవడో వచ్చి మీ చెయ్యి పట్టుకుని నా మనిషి అంటే, కాదని చెప్పగలిగేది పక్క సీటు ఆవిడే.